సీటు ఎత్తి చూడండి: పాత కన్వర్టిబుల్ కొనేముందు లోపల చదవాల్సినవి

గజపతినగరం వెళ్లే దారిలో ఒక మామిడితోట, తోటలో రేకుల షెడ్డు, షెడ్డులో టార్పాలిన్ కింద మోరిస్ మైనర్ అనే పాత బ్రిటిష్ కారు. అదీ కన్వర్టిబుల్, అంటే పైకప్పు మడిచి వెనక్కి వేసుకునే రకం. మా మేనమామ కుర్రతనం నుంచీ కోరుకున్న కారు అది. టార్పాలిన్ తీయగానే ఆయన ముఖం వెలిగిపోయింది. మీగడ రంగు బాడీ, లోపల ఎర్రటి సీట్లు, మరక లేని కార్పెట్టు. "లోపలంతా ఒరిజినల్ అండీ, ఎవరూ చెయ్యి పెట్టలేదు" అన్నారు అమ్మే పెద్దమనిషి.

మాతో పాటు విజయనగరంలో ఎన్నో ఏళ్లుగా కుషన్ పని చేస్తున్న పెద్దాయన ఒకరు వచ్చారు. ఆయన ఆ ఎర్రటి సీట్ల అందం వంక చూడనేలేదు. వెనక సీటు కుషన్ ఎత్తి పక్కన పెట్టి, కింద రేకు మీద అరచెయ్యి ఆనించారు. ఆ చేతిని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "తడి ఉంది బాబూ. అతికించిన సొల్యూషన్ వాసన కూడా ఇంకా పోలేదు" అన్నారు మెల్లగా.

ఆరోజు నాకు అర్థమైంది, పాత కారు బేరంలో అన్నిటికన్నా చిక్కు తెచ్చే మాట 'ఒరిజినల్' అని. ఆ ఒక్క మాటకి జనం నాలుగు అర్థాలు చెప్పుకుంటారు. ఫ్యాక్టరీలో బిగించింది బిగించినట్టే మిగిలి ఉంటే అది అసలుది. చెడిపోయినదాన్ని అదే రకం సామానుతో, అదే పద్ధతిలో మళ్లీ చేస్తే అది నికార్సయిన పునరుద్ధరణ. ఇవాళ బజారులో దొరికే సామానుతో చూపుకి ఇంపుగా చేస్తే అది మరమ్మతు. ఇక సెడాన్, అంటే రేకు పైకప్పు ఉన్న మామూలు కారు, పైకప్పు కోసేసి కన్వర్టిబుల్ అనిపిస్తే, ఆ కారు జాతే మారిపోయినట్టు. నాలుగింటినీ ఒకే మాటతో అమ్ముతారు, ఒకే ధర అడుగుతారు. పైగా పని బాగా జరిగిందా లేదా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. అసలు సీటే అయినా కుళ్లిపోయి ఉండవచ్చు. కొత్తగా చేసిన సీటు అద్భుతమైన పనితనంతో ఉండవచ్చు. ఈ రెండు ప్రశ్నలనూ కలిపేసుకున్నవాళ్లే ఎక్కువగా మోసపోతారు.

లోపలి భాగాన్నే ఇంతగా పట్టించుకోవడం దేనికని అడగవచ్చు. ఇంజన్ విప్పి మళ్లీ బిగించవచ్చు, పెయింటు ఎన్ని పొరలైనా వేయవచ్చు. లోపల మాత్రం తోలు, గుడ్డ, చెక్క, నార, దారం, మేకులు, ఇలా వందల ముక్కలు ఉంటాయి. వాటన్నిటినీ ఒక్కసారిగా ఒకే వయసువిగా నటింపజేయడం చాలా కష్టం. ఎక్కడో ఒకచోట వయసు బయటపడుతుంది. కన్వర్టిబుల్ విషయంలో ఇంకో సంగతి ఉంది. మామూలు కారు లోపలికి రాని ఎండా వానా దీని సీట్ల మీదే పడతాయి. అందులోనూ మన విజయనగరం సముద్రానికి దగ్గరలోనే ఉంది, శ్రీకాకుళం ఇంకా దగ్గర. ఉప్పుగాలి, ఏడాదిలో చాలా నెలలు ఆరని తేమ, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ లాంటి తుపాన్లు. ఇన్నిటిని దాటి ఒక కన్వర్టిబుల్ సీటు మొదటి తోలుతో మిగలడం అరుదు. అందుకే "ఎవరూ చెయ్యి పెట్టలేదు" అనే మాటకు రుజువు గట్టిగానే అడగాలి.

పని కింది నుంచి మొదలుపెట్టాలి. కార్పెట్టు ఎత్తమనండి. అతికించేశాం అంటే అదే మొదటి అనుమానం. కార్పెట్టు కింద ఆ కాలపు కార్లలో ఎక్కువగా జనపనార ఫెల్టు పరిచేవారు. నెల్లిమర్ల, బొబ్బిలి జూట్ మిల్లులు తెలిసినవాళ్లకు ఆ నార గుణం చెప్పనక్కరలేదు. నీళ్లు తాగితే వారాల తరబడి వదలదు. పైన కార్పెట్టు పొడిగా కనిపిస్తూనే ఉంటుంది, కింద తడి నార రేకును రోజూ కొద్దికొద్దిగా తింటూ ఉంటుంది. కాలి మడమ ఆనే చోట, సీటు పట్టాలు బిగించిన బోల్టుల చుట్టూ, తలుపు గడప లోపలి అంచున బొటనవేలితో నొక్కి చూడాలి. గట్టి రేకు కదలదు. పుట్టీ పెట్టి, తారు షీటు కప్పి, పైన పెయింటు కొట్టిన చోట వేలికి ఒక రకమైన మొద్దుతనం తెలుస్తుంది. అయస్కాంతం జేబులో వేసుకెళ్లండి. పుట్టీ మీద అది పట్టు వదిలేస్తుంది.

మేం చూసిన కారులో రేకు మీద గోనెసంచి ముక్కలు అతికించి, వాటి మీద కార్పెట్టు వేశారు. సీటు లోపల కొబ్బరి పీచు. ఉద్దానంలో కావలసినంత దొరుకుతుంది, సీటుకి అది చెడ్డ సామానేమీ కాదు, గాలి ఆడుతుంది. అయితే మంచి తరగతి పాత బ్రిటిష్ కార్ల సీట్లలో స్ప్రింగుల మీద గుర్రపు వెంట్రుకల పొర, దాని మీద దూది పరిచేవారు. మరికొన్నిటిలో లాటెక్స్ నురగ ఉండేది. డన్‌లప్ కంపెనీ ఆ నురగను తయారుచేసింది 1929లో. దానికి వయసు మళ్లితే పసుపుపచ్చ పొడిగా రాలుతుంది, సీటు అడుగున ఇసుక పోసినట్టు కనిపిస్తుంది. చాలామంది ఆ పొడిని చూసి చెడ్డ సీటు అని పెదవి విరుస్తారు. నా దృష్టిలో అది మంచి సాక్ష్యం. ఇవాళ మనం ఫోము అని పిలిచే పాలీయూరిథేన్ బజారుకు వచ్చింది 1950లలో. 1948 కారు సీటులో తెల్లటి ఫోము పలక కనిపించిందంటే ఎప్పుడో ఎవరో విప్పి కట్టారన్నమాట. తప్పేమీ లేదు, కానీ "ఎవరూ చెయ్యి పెట్టలేదు" అన్న మాట అక్కడితో పోయింది.

తోలు సంగతికి వస్తే, పొందూరు ఖద్దరు గుర్తుపట్టే కన్నే ఇక్కడా పనికొస్తుంది. మిల్లు గుడ్డలో పోగులన్నీ ఒకే మందం. చేతి నూలులో ఒకచోట సన్నం, ఒకచోట దొడ్డు, ఆ తేడాలోనే దాని నిజం ఉంటుంది. తోలు కూడా అంతే. నిజమైన తోలు మీద రంధ్రాలు, గీతలు ఒకచోట దట్టంగా, ఒకచోట పలచగా ఉంటాయి. రెగ్జిన్, వినైల్ మీద అచ్చు వేసిన గీతలు జానెడు దూరంలో మళ్లీ అవే కనిపిస్తాయి. అడుగున తిరగేసి చూస్తే సందేహం తీరిపోతుంది. తోలు వెనక నూగు ఉంటుంది, రెగ్జిన్ వెనక నేసిన గుడ్డ ఉంటుంది.

ఇక్కడే చాలామంది పొరబడే సంగతి ఒకటి ఉంది. సీటంతా, పక్కలూ వెనకా సహా, తోలుతో కుట్టి ఉంటే అది అసలుదని మురిసిపోతారు. ఆనాటి మధ్యతరగతి బ్రిటిష్ కార్లు చాలావాటిలో మనిషి ఆనే ముఖభాగానికే తోలు వేసేవారు. పక్కలకీ వీపు వెనకకీ అదే రంగు రెగ్జినే. అంటే అంతటా తోలు ఉండడం ఎవరో తరవాత ఖర్చుపెట్టి చేయించారనడానికి గుర్తు కావచ్చు. ఎక్కువ ఖర్చయింది కదా, ఎక్కువ అసలుదని అనుకోకండి.

కుట్టు కూడా మాట్లాడుతుంది. 1930, 40ల నాటి సీట్లలో నూలు దారమో నార దారమో వాడేవారు. సీటు అడుగున వేలాడే దారపు కొస అంగుళం అడిగి తీసుకుని, కారుకు దూరంగా వచ్చి అగ్గిపుల్ల ముట్టించండి. నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది, నైలానో పాలిస్టరో అయితే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. సీటు మీది పొడుగాటి గొట్టాల్లాంటి మడతలు వేలితో నొక్కితే ఒక్కొక్కటీ విడిగా అణగాలి. లోపల ఒకే ఫోము పలక పెట్టి పైపైన కుట్టు వేస్తే అన్నీ కలిసి అణుగుతాయి. మెరుపును నమ్మకండి. కొబ్బరినూనె రుద్దితే ఎండిన తోలైనా ఒక వారం నిగనిగలాడుతుంది, తరవాత ముక్కవాసనతో బూజు పడుతుంది. పగుళ్లు ఉన్నా శుభ్రంగా, మెత్తగా ఉన్న పాత తోలే నాకు ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

అరుగుదల ఒకదానితో ఒకటి పొసగాలి. మన కార్లలో నడిపేవాడు కుడివైపు నుంచి ఎక్కుతాడు కాబట్టి ఆ సీటు కుడి అంచే ముందు నలుగుతుంది. బ్రేకు పెడల్ రబ్బరు ఒకపక్కకి అరుగుతుంది. స్టీరింగు మీద చేతులు ఆనే చోట నిగ్గుతేలుతుంది. పెడల్ రబ్బరు గుండుగా అరిగిపోయి, మీటరు ఇరవై వేలే చూపిస్తుంటే ఆ రెండిట్లో ఒకటి అబద్ధం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సాక్షి డోర్ ప్యాడ్. తలుపు లోపలి వైపు కప్పే, రెగ్జిన్ చుట్టిన అట్ట. అమ్మేవారి అనుమతితో ఒక్క ప్యాడ్ విప్పించగలిగితే సగం కథ తెలిసిపోతుంది. అసలు అట్ట వెనక దశాబ్దాల వాన నీటి చారలు కెరటాల్లా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. క్లిప్పుల రంధ్రాలు తలుపు రేకు మీది రంధ్రాలతో సరిగ్గా కలుస్తాయి. ఆ రేకు మీద, ఎవరూ చూడని చోట, కారు మొదటి రంగు ఉంటుంది. మామిడితోట కారులో ప్యాడ్ వెనక ప్లైవుడ్ తెల్లగా, ఒక్క చారైనా లేకుండా ఉంది. తలుపు రేకు మీద మీగడ రంగు అంచున సన్నగా పాచిరంగు తొంగిచూసింది. క్లిప్పులకు బదులు స్క్రూలు. మా పెద్దాయన ఏమీ అనలేదు. ప్యాడ్‌ను జాగ్రత్తగా మళ్లీ అమర్చి, స్క్రూలు ఎన్ని తిప్పితే విప్పారో అన్నే తిప్పి బిగించారు.

తరవాత పైకప్పు. హుడ్‌ను, అంటే ఆ మడిచే గుడ్డ పైకప్పును, ఒక్కసారి కాదు, మూడుసార్లు వేయించి తీయించండి. మొదటిసారి బలంతో వస్తుంది, మూడోసారికి గుడ్డను మోసే కమాన్ల వంకర బయటపడుతుంది. చాలా పాత కార్లలో గుడ్డ బిగించేది చెక్క పట్టీకే. మన దగ్గర ఆ చెక్కకి తేమకన్నా పెద్ద శత్రువు చెదలు, కాబట్టి గోరుతో కాదు, సన్నటి సూదితో పొడిచి చూడాలి. గుడ్డ అంచు కింద మేకుల రంధ్రాలు లెక్కపెట్టండి. ఒకే వరస ఉంటే గుడ్డ పెద్దగా మారలేదు, జల్లెడలా ఉంటే చాలాసార్లు మారింది. చిన్న తలమేకుల బదులు స్టేపుల్ పిన్నులు ఉంటే పని ఇటీవలిది. వెనక కిటికీ రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కార్లలో సెల్యులాయిడ్, తరవాతివాటిలో మెత్తటి ప్లాస్టిక్. పసుపెక్కడం వాటి సహజ గుణం. హుడ్ గుడ్డ మార్చడం చాలా కార్ల జీవితంలో మామూలే, దాన్ని తప్పుగా ఎంచను. లోపలి ఫ్రేము మాత్రం ఆ కారుదే అయ్యుండాలి, ఎందుకంటే అదిగానీ పోతే మన ప్రాంతంలో ఇంకొకటి దొరకదు.

డ్యాష్‌బోర్డు దగ్గర కాలం లెక్కలు సులువు. మోరిస్ మైనర్‌నే చూద్దాం. ఎలెక్ ఇసిగోనిస్ రూపొందించిన ఈ కారు 1948లో వచ్చింది. మధ్యలో పెద్ద గుండ్రటి స్పీడోమీటరు 1954 చివర్లో వచ్చింది. ముందు అద్దం 1956 దాకా రెండు ముక్కలు, 948 సీసీ ఇంజన్ ఉన్న మైనర్ 1000 మోడల్‌తో ఒకే ముక్క అయింది. పక్క నుంచి చేతిలా లేచే సిగ్నళ్ల స్థానంలో వెలిగి ఆరే దీపాలు 1961లో వచ్చాయి. 1953 కారని చెప్పి మధ్యలో గుండ్రటి మీటరు చూపిస్తే, ఏదో ఒకటి వేరే కారు నుంచి వచ్చిందని అర్థం. వంగి, డ్యాష్ వెనక టార్చి వేసి తీగలు చూడండి. నూలు అల్లిక తొడుగు ఉన్న పాత తీగలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి కానీ పొడిపొడిగా రాలుతుంటే మంట పుట్టే ప్రమాదం. ఈ ఒక్క విషయంలో నేను అసలుదాని పక్షం కాదు. తీగలు మార్పించడమే మంచిది, పాత పద్ధతి అల్లికతో కొత్త తీగలు చేసేవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇది పుట్టుకతోనే కన్వర్టిబులా, లేక కోసిన సెడానా? మైనర్‌కు విడిగా చాసిస్ ఫ్రేము ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. పైకప్పు లేకపోతే ఆ బరువంతా తలుపుల కింది గడపల మీద పడుతుంది కాబట్టి, మోరిస్ తన టూరర్లకు, అంటే కన్వర్టిబుళ్లకు, లోపల అదనపు పట్టీలతో బలం చేకూర్చింది. జీపులా విడి చాసిస్ ఉన్న బండికి ఈ బాధ తక్కువ. కోసిన సెడాన్‌లో ఆ పట్టీలు ఉండకపోవచ్చు, లేదా వీధి వెల్డింగుతో పెట్టినవి ఉంటాయి. పరీక్ష సులభం. నలుగురు పెద్దవాళ్లు కూర్చుని తలుపులు తెరిచి మూయాలి. బాడీ మధ్యలో కుంగితే తలుపు పైన సందు మూసుకుపోయి, కింద విచ్చుకుంటుంది. వెనక సీటు కొలత కూడా చూడాలి. మడిచిన హుడ్ ఫ్రేముకు రెండు పక్కలా చోటు కావాలి కాబట్టి పుట్టు కన్వర్టిబుల్ వెనక సీటు సాధారణంగా ఇరుకు.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం చాసిస్ నంబరు ఉండే పలక. 1952 నుంచి 1958 దాకా మైనర్ చాసిస్ నంబరు 'ఎఫ్'తో మొదలవుతుంది. రెండో అక్షరం 'సి' అయితే కన్వర్టిబుల్, 'బి' అయితే రెండు తలుపుల సెడాన్. ఆ తరవాతి కార్లలో 'ఎం.ఎ.టి' అనే అక్షరాలు ఉంటే టూరర్. మామిడితోట కారు పలక మీద తుప్పు తుడిచి చూశాం. రెండో అక్షరం 'బి'.

ఇది కేవలం మోజుకు సంబంధించిన తేడా కాదు, చట్టం కూడా అడుగుతుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 అంటుంది. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పు లేకుండా మొదటి రూపంలో ఉంచినదై ఉండాలి. కొత్తగా నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ఆ తరవాత మళ్లీ నమోదుకు 5,000. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, మరమ్మతు వంటి పనులకే తప్ప రోజువారీ తిరగడానికి వీల్లేదు. కోసిన సెడాన్‌తో రవాణా కార్యాలయం మెట్లెక్కితే సమాధానం చెప్పడం కష్టం. ఆర్.సి.లో బాడీ రకం గడి చదవండి, సెలూన్ (సెడాన్‌కే ఇంకో పేరు) అని ఉంటే అక్కడే ఆగండి. నంబరు కూడా కథ చెబుతుంది. విజయనగరం జిల్లా ఏర్పడిందే 1979 జూన్ 1న. 1950ల కారుకు ఆ జిల్లా ఏపీ 35 నంబరు ఉంటే మోసమని కాదు, నంబరు మధ్యలో మారిందని. పాత ఆర్.సి. పుస్తకం ఎక్కడుందో అడగాలి. బ్రిటిష్ కార్లకు ఇంకో దారి ఉంది. ఇంగ్లండులో గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఫ్యాక్టరీ రికార్డుల నుంచి హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తుంది. నిర్మాణ తేదీ, మొదటి రంగు, చాలా కార్లకు లోపలి ట్రిమ్, అంటే సీట్లూ ప్యాడ్ల, రంగు కూడా అందులో దొరుకుతాయి.

మరి పునరుద్ధరించిన కారు కొనకూడదా? తప్పకుండా కొనవచ్చు. ప్రపంచవ్యాప్త పాత వాహనాల సమాఖ్య ఫీవా 2013 నుంచి టురిన్ చార్టర్ అనే పత్రాన్ని ప్రామాణికంగా పెట్టుకుంది. ఉన్నదాన్ని కాపాడడం మొదటి పని, తిరిగి చేయడం తప్పనిసరైనప్పుడే, చేసిన ప్రతి పనికీ రాతలో ఆధారం ఉండాలన్నది దాని సారం. మంచి పని చేయించినవారి దగ్గర ఫొటోలు ఉంటాయి, బిల్లులు ఉంటాయి, విప్పిన పాత ముక్కలు సంచిలో ఉంటాయి. ఆ సంచి చూపించగలిగిన మనిషికి నేను ఎక్కువ ధర ఇస్తాను. పాత తోలు చిన్న ముక్కయినా లేదు, పారేశాం అంటే మాత్రం చెప్పిన ధరలోంచి లోపలి పనంతా మళ్లీ చేయించే ఖర్చు తీసేసి లెక్క వేసుకోండి.

ఆ రోజు మామయ్య మామిడితోట కారు కొనలేదు. దారంతా మాట్లాడలేదు కూడా. ఏడాదిన్నర తరవాత బరంపురం వైపు ఇంకొకటి దొరికింది. పలక మీద రెండో అక్షరం 'సి'. సీట్లు వెలిసిపోయి, వెనక సీటు ఒక మూల ఎలుకలు కొరికి, ఎడమ డోర్ ప్యాడ్ నాని ఉబ్బిపోయి ఉంది. హుడ్ గుడ్డ కేవలం పేరుకే ఉంది. అమ్మిన ముసలాయన ఒక పాత బిస్కెట్ల డబ్బా కూడా ఇచ్చారు, లోపల ఊడిపోయిన క్లిప్పులు, రెండు హుడ్ బొత్తాలు, మొదటి ఆర్.సి. పుస్తకం.

సీట్ల తోలు మార్చలేదు. కుట్లు విడిపోయిన చోట పాత రంధ్రాల్లోంచే మా కుషన్ పెద్దాయన నూలు దారంతో మళ్లీ కుట్టారు. ఎడమ డోర్ ప్యాడ్ మాత్రం కొత్తది చేయక తప్పలేదు. పాత అట్టను కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసి, రంధ్రాలు గుర్తుపెట్టి, అదే మందం హార్డ్‌బోర్డు కోశారు. బిగించేముందు దాన్ని తిరగేసి, చెవిలోంచి పెన్సిలు తీసి, వెనక తేదీ వేశారు. దాని కింద 'ఎడమ తలుపు, కొత్త అట్ట, కొత్త రెగ్జిన్, క్లిప్పులు పాతవి' అని రాశారు. నాని ఉబ్బిన పాత ప్యాడ్‌ను మామయ్య ఎండబెట్టి, పాత పంచెలో చుట్టి అటక మీద పెట్టారు.